కాలేజీ తలుపు తొమ్మిదో తరగతిలోనే తెరవాలి

ముస్లిముల విద్య గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన చర్చ రెండు విషయాల దగ్గరే ఆగిపోతుంది. ఒకటి రిజర్వేషన్, రెండవది స్కాలర్‌షిప్. రెండూ మన హక్కులే. వాటి కోసం పోరాడాం, ఇకముందూ పోరాడతాం. కాని ఈ రెండింటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ హక్కులను వినియోగించుకోవడానికి కాలేజీ దాకా చేరుతున్న మన పిల్లలు ఎందరు?

2007 నాటి చట్టం బి.సి. ‘ఇ’ వర్గానికి విద్యలోనూ ఉద్యోగాలలోనూ 4 శాతం కోటా ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని నిలిపింది. ఆ విజయం విలువ మనకు తెలుసు. అయితే ఆ కోటా మన కోసం ఎదురుచూసేది కాలేజీ గుమ్మం దగ్గర. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో చేరిన అబ్బాయికి, పాసైనా కాలేజీ దూరమని ఇంట్లోనే ఉండిపోయిన అమ్మాయికి ఆ 4 శాతంలో దక్కేది సున్నా.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. ఆ తరువాత విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం కూడా 14 ఏళ్లకే ముగుస్తుంది. బీద కుటుంబంలోని పిల్లవాడికి అసలు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. కూలికి పనికొచ్చే చేతులు, పెళ్లి సంబంధాల ప్రస్తావన, ఇంటి అప్పు, అన్నీ ఒక్కసారిగా అప్పుడే వచ్చి పడతాయి. అంటే రాజ్యం చేయి వదిలే చోటే పేదరికం చేయి పట్టుకుంటున్నది.

ఆ వయసు పిల్లలకు ఆసరాగా ఉన్నవాటిని కూడా కేంద్రం ఒక్కొక్కటిగా తీసివేసింది. 2022లో మైనారిటీ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 1 నుంచి 8 తరగతులకు ఆపింది. అదే ఏడాది డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను రద్దుచేసింది. 9 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్ ఇచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌నే మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి పేరున్న సంస్థకు పట్టిన గతి ఇది.

‘పని నేర్పితే చాలు’ అనే మాట

విశాఖపట్నాన్నే చూడండి. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాది పడిన షిప్‌యార్డు, 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఈ నగరాన్ని నిలబెట్టింది కార్మికుని నైపుణ్యం. దానికి సమాంతరంగా చదువుల చరిత్ర కూడా ఉంది. ఏ.వి.ఎన్. కళాశాల మూలాలు 1860 నాటివి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. ఓడరేవు ముఖద్వారం వద్ద దర్గా కొండ, చర్చి కొండ, వేంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే నిలిచి ఉన్న నగరమిది. ఆ కొండల కింది పాతనగరం బస్తీల నుంచి కాలేజీకి నడిచి వెళ్లవచ్చు. అయినా అక్కడి పేద పిల్లవాడికి కాలేజీ పరాయి దేశమే.

వీరి గురించి పెద్దలు చెప్పే పరిష్కారం ఒక్కటే. ‘వీళ్లకు చదువు అబ్బదు, ఏదైనా పని నేర్పండి.’ ప్రభుత్వమూ అదే అంటుంది, దాతలూ అదే అంటారు, మన సంఘాలు కూడా అదే వల్లిస్తాయి. మేము ఈ మాటను ఒప్పుకోము. పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. వెల్డింగ్ చేసే చెయ్యి, ఇంజను విప్పి బిగించే చెయ్యి గౌరవించదగినవి. కాని చేతిలో పని ఉండి, కాగితం లేనివాడు కర్మాగారం గేటు దగ్గర కాంట్రాక్టు కూలీగానే మిగిలిపోతాడు. అతనికంటే తక్కువ పని తెలిసినా డిప్లొమా ఉన్నవాడు అతనికి సూపర్‌వైజర్ అవుతాడు. కనుక మేము అడిగేది పనికి బదులు చదువు కాదు. ఆ పనినే చదువుగా లెక్కించండి, ఆ లెక్కను కాలేజీ దాకా తీసుకువెళ్లండి అని అడుగుతున్నాం.

తెలివైనవారికి ఉన్నది, వెనుకబడినవారికి ఎందుకు లేదు?

అమెరికాలో దీనికి ‘డ్యూయల్ క్రెడిట్’ అని పేరు. హైస్కూలులో ఉండగానే విద్యార్థి కాలేజీ పాఠ్యాంశం ఒకటో రెండో చదువుతాడు. పాసైతే అది హైస్కూలు లెక్కలోనూ, రేపటి డిగ్రీ లెక్కలోనూ జమ అవుతుంది. 1974లో న్యూయార్క్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ తన ప్రాంగణంలోనే ‘మిడిల్ కాలేజ్ హైస్కూలు’ను ప్రారంభించింది. అది ఎవరికోసం? మొదటి ర్యాంకుల వారికోసం కాదు. బడి మానేసే ప్రమాదంలో ఉన్న పిల్లల కోసం. కాలేజీని రోజూ కళ్లారా చూసే పిల్లవాడు తానూ అక్కడివాడినే అనుకుంటాడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

మన రాష్ట్రానికి ఈ సూత్రం తెలియనిది కాదు. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి కాగానే పిల్లలను చేర్చుకుని ఆరేళ్లలో ఇంజనీరుగా పంపుతున్నది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనపు పాయింట్లు కూడా ఇస్తున్నది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరుతున్నారు. అంటే 15, 16 ఏళ్ల పిల్లలు విశ్వవిద్యాలయంలో చదవగలరని, ముందు చదివిన చదువును తరువాతి చదువులో జమకట్టవచ్చని ప్రభుత్వం ఎప్పుడో అంగీకరించింది. కాకపోతే ఆ దారులు మంచి మార్కులు, ర్యాంకులు తెచ్చుకున్నవారికే. తడబడుతున్న పిల్లవాడికి మాత్రం ‘ముందు పది పాసై రా’ అనే మాట మిగిలింది.

పదే పాసు కాలేనివాడికి కాలేజీ పాఠం ఎలా ఎక్కుతుందని కొందరు అడుగుతారు. లెక్కల సూత్రం దగ్గర తడబడినవాడు మోటారు వైండింగ్‌లో తడబడకపోవచ్చు. అక్కడ గెలిచిన పిల్లవాడు ఆ ధైర్యంతో లెక్కల దగ్గరికి తిరిగి వస్తాడు. అతనికి కావలసింది తేలిక పాఠం కాదు, తాను గెలవగలనన్న రుజువు.

2023 ఏప్రిల్‌లో విడుదలైన జాతీయ క్రెడిట్ విధానం బడి చదువును, వృత్తి శిక్షణను, ఉన్నత విద్యను ఒకే కొలతలోకి తెచ్చింది. 30 గంటల అభ్యసనానికి ఒక క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలకు 40 క్రెడిట్లు. పని అనుభవాన్ని కూడా లెక్కించవచ్చని అందులో ఉంది. విధానం వచ్చింది, ఇక కావలసింది మన బస్తీలోని ఉన్నత పాఠశాలలో దాని అమలు.

మా డిమాండ్లు, మన బాధ్యతలు

ఆంధ్ర విశ్వవిద్యాలయం, మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ కళాశాల, కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్ తమ పరిసరాల్లోని ప్రభుత్వ, ఉర్దూ పాఠశాలలతో ఒప్పందం చేసుకోవాలి. తొమ్మిదో తరగతి నుంచే వారానికి ఒక పూట కాలేజీ పాఠం, ప్రయోగశాల పని చెప్పించాలి. ఆ గంటలను క్రెడిట్లుగా నమోదు చేయాలి. అమ్మాయిల విషయంలో అధ్యాపకులే బడికి రావాలి, లేదా రవాణా కల్పించాలి. ఎంపికకు మార్కులు కాక, బడి మానే ప్రమాదమే కొలమానం కావాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం వంటి సంస్థలు తమ శిక్షణ కేంద్రాలను ఈ పిల్లల కోసం తెరవాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఐదేళ్లలో 9 సార్లు పరీక్ష రాయవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కరలేదు. ఐటీఐ చేసినవారు కొన్ని సబ్జెక్టులు రాసి పది, పన్నెండు తరగతుల సమాన అర్హత పొందే ఏర్పాటు 2016లోనే జరిగింది. ఈ సమాచారం మన మస్జిదు నోటీసు బోర్డు మీద ఎందుకు లేదు? పెళ్లిళ్ల రోజుల్లో కళకళలాడే షాదీఖానా మిగతా రోజుల సాయంత్రాలు ఎందుకు తాళం వేసి ఉండాలి? అర్హులైన పేద విద్యార్థుల ఫీజుకు, బస్సు పాసుకు జకాత్ నిధి ఎందుకు చేరదు? ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలో ఎనిమిదో తరగతి దాటిన పిల్లల జాబితా తయారుచేయాలి. ఎవరు బడి మానారో, ఎందుకు మానారో ప్రతి నెలా చూడాలి.

బద్ర్ యుద్ధంలో పట్టుబడి, పరిహారం చెల్లించలేని ఖైదీలలో అక్షరజ్ఞానం ఉన్నవారు పదేసి మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే అదే విడుదల మూల్యమని దైవప్రవక్త (స) అంగీకరించారు. యుద్ధం ముగిసిన వేళ, సమాజం బీదరికంలో ఉన్న వేళ ఆయన ధనానికి బదులు పిల్లల చదువును ఎంచుకున్నారు. ఆ చరిత్రను ప్రసంగాల్లో చెప్పుకునే మనం, మన మొహల్లాలో పదిమంది పిల్లలను కాలేజీ దాకా చేర్చలేమా?

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఎవరు తప్పారని విచారించడం మానుకుందాం. ఈ జూన్‌లో తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే పిల్లల పేర్లు ఇప్పుడే రాసుకుందాం. ఆ జాబితా పట్టుకుని కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి, జిల్లా విద్యాధికారి దగ్గరికి, మన ఎమ్మెల్యే దగ్గరికి వెళదాం. 4 శాతం కోసం న్యాయస్థానాల మెట్లెక్కిన సమాజానికి ఈ మెట్లు ఎక్కడం కష్టమేమీ కాదు.