మచ్చకూ గడువుండాలి

"ఫలానావాడు ఐపీ పెట్టాడట" అన్న మాట పొద్దున టీ కొట్టు దగ్గర పుడితే మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పుల జతలు పేరుకుపోతాయి. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాట మన నోళ్లలో నలిగి ఐపీ అయింది. వారం తిరక్కముందే పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవర్లు పంచుతాడు. ఒక్కో కవరులో ఒక్కో నోటీసు, అప్పులిచ్చినవాళ్ల జాబితాలో వరుస నంబరు, పేరు, బాకీ మొత్తం. రిటైరైన పంతులుగారు పదకొండో నంబరు, ఎదురింటి పాలావిడ పందొమ్మిదో నంబరు. మిర్చి, పత్తి, చేపల చెరువులు, బంగారం కొట్లు, చీటీలు, ఇలా ఏ వ్యాపారం మీద ఆధారపడ్డ ఊరికైనా ఈ దృశ్యం కొత్తది కాదు.

ఆ నోటీసు తర్వాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఊరు పట్టించుకోదు. చట్టం కూడా పట్టించుకోలేదు. నిజాయితీగా వ్యాపారం చేసి చితికిపోయినవాడు, ఉన్నదంతా కోర్టు ముందు పెట్టి అప్పుల నుంచి విడుదల ఉత్తర్వు తెచ్చుకున్నవాడు, లేదా బ్యాంకుతో రాజీపడి ఒప్పుకున్న మొత్తం కట్టేసినవాడు మళ్లీ బ్యాంకు గడప ఎప్పుడు తొక్కవచ్చు? ఏడాదికా, అయిదేళ్లకా, ఎప్పటికీ కాదా? ఈ ప్రశ్నకు తేదీతో సహా జవాబు చెప్పే చట్టం మనకు కావాలి. ఇప్పుడున్న నిబంధనలన్నీ శిక్షకు కనీస కాలం చెబుతున్నాయి. గరిష్ఠ కాలం ఏదీ చెప్పడం లేదు. దొంగతనం చేసి జైలుకెళ్లినవాడికి కూడా విడుదల తేదీ తెలుసు. దుకాణం మూతపడినవాడికి అది తెలియకపోవడం అన్యాయం.

మన జిల్లా కోర్టుల్లో సామాన్యుడి దివాలా పిటిషన్లు నేటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద. అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేయవచ్చని అందులో రాసి ఉంది. ఆ అంకె చూస్తేనే ఆ చట్టం వయసు తెలుస్తుంది. దివాలా ప్రకటన వచ్చాక, కోర్టు చెప్పిన గడువులోగా విడుదల కోసం బాకీదారే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లంతా తిరిగి గుమ్మం ముందుకొస్తారు. ఐపీ పెట్టడంతోనే పని అయిపోయిందనుకునే అమాయకులకు ఈ రెండో మెట్టు సంగతి ఎవరు చెప్పాలి? వకీలు ఫీజు కట్టడానికే పుస్తెలు అమ్ముకున్నవాళ్లు రెండోసారి కోర్టు మెట్లెక్కుతారని ఆశించే చట్టం, ఆ మెట్టు దాటినవాడి గురించీ ఏర్పాటు చేయలేదు.

దీన్ని మార్చడానికే 2016లో పార్లమెంటు దివాలా స్మృతి తెచ్చింది. అందులో మూడో భాగం మొత్తం మనుషుల కోసం రాసిందే. దివాలా ప్రకటించిన ఏడాదికల్లా విడుదల కోరుతూ ట్రస్టీయే దరఖాస్తు చేయాలని అందులో ఉంది. మరీ పేదవాళ్లకు అప్పులు మాఫీ చేసి కొత్త జీవితం మొదలుపెట్టనిచ్చే పద్ధతి కూడా ఉంది. ఏం లాభం? 2019 డిసెంబరు 1 నుంచి ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే వర్తింపజేశారు. కిరాణా కొట్టువాడికి, ఆటో నడిపేవాడికి, కౌలు రైతుకు అది నేటికీ పుస్తకంలో అచ్చయి ఉన్న అక్షరమే. పాత 1920 చట్టాన్ని రద్దు చేసే సెక్షన్ కూడా అలాగే పడి ఉంది. ఇక ఆ పేదల పద్ధతికి పెట్టిన అర్హతలు చూడండి. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు మించకూడదు, ఆస్తులు 20,000 దాటకూడదు, బాకీలు 35,000 లోపే ఉండాలి, సొంత ఇల్లు ఉండకూడదు. నెలకు అయిదు వేలు సంపాదించే కుటుంబం ఈ రోజు ఏ పట్టణంలో బతుకుతోంది? ఒక్క ఆపరేషన్ ఖర్చుకు సరిపోని అప్పు మాత్రమే మాఫీకి అర్హమా? అమలు కాకముందే పాతబడిపోయిన అంకెలివి.

అదే స్మృతి కంపెనీలకు ఏం చేసిందో పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక, అందులో లేని పాత బాకీలన్నీ రద్దయినట్లేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. కొత్త యజమాని చేతిలో కంపెనీకి పలక తుడిచి ఇచ్చారు. అలా ఇవ్వడం సరైనదే, ఫ్యాక్టరీ నడవాలి, కార్మికులకు పని ఉండాలి. మరి మనిషి పలక ఎవరు తుడుస్తారు?

ఆ పలక ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. క్రెడిట్ రిపోర్టు తీసుకుంటే ప్రతి అప్పు కిందా చిన్న చిన్న గడులుంటాయి. నెలకో గడి, మూడేళ్ల గడులు వరుసగా. గడిలో 000 ఉంటే వాయిదా సమయానికి కట్టినట్టు. 030, 060, 090 అని పెరుగుతూ పోతే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. కరోనా ఏడాది దుకాణం మూతపడ్డ రెడీమేడ్ బట్టల వ్యాపారి రిపోర్టు చూస్తే అతని కష్టం నెలవారీగా చదువుకోవచ్చు. సున్నాలు, సున్నాలు, తర్వాత ముప్పై, అరవై, ఇక ఆగని అంకెలు. అన్నిటికంటే బరువైన మాట ఆ గడుల పైన, ఖాతా స్థితి అన్న చోట ఉంటుంది: "సెటిల్డ్". మామూలు మనిషికి సెటిలైందంటే గొడవ తీరిపోయిందని. బ్యాంకు భాషలో, ఇతను పూర్తిగా కట్టలేదు, కొంత మేం వదులుకున్నాం అని. భార్య గాజులు అమ్మి, బావమరిది దగ్గర చేబదులు తెచ్చి, లోక్ అదాలత్‌లో వన్‌టైమ్ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టి, ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చిన మనిషికి ఈ రెండో అర్థం ఆ రోజు ఎవరూ చెప్పరు. నాలుగేళ్ల తర్వాత కూతురి చదువు అప్పు కోసం వెళ్లినప్పుడు కౌంటరు అవతలి నుంచి తెలుస్తుంది. "మీ పాత లోను సెటిల్డ్ అని చూపిస్తోందండీ, సిస్టమ్ తీసుకోదు."

ఈ మాట అన్న మేనేజరుది తప్పు కాదు. ఆయన చేతికి నిబంధనలు ఇచ్చిన తీరే అలా ఉంది. సెటిల్‌మెంట్ చేసుకున్నవాడికి, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలల పాటు మళ్లీ అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో చెప్పింది. 12 నెలల తర్వాత ఇవ్వాలని మాత్రం చెప్పలేదు, ఆ పైన ఎంతకాలమన్నది బ్యాంకుల బోర్డుల ఇష్టానికి వదిలేసింది. క్రెడిట్ సమాచార కంపెనీలు మన చరిత్రను కనీసం ఏడేళ్లు దాచాలని నిబంధన. ఎన్నేళ్ల తర్వాత చూపించకూడదో అందులో లేదు. కోర్టు ఇచ్చిన విడుదల ఉత్తర్వు తనంతట తాను ఆ రిపోర్టులోకి చేరదు, బ్యాంకు సవరించి పంపితేనే అక్కడి ఖాతా స్థితి మారుతుంది. అమెరికాలో దివాలా ముద్ర పదేళ్లకు మించి క్రెడిట్ రిపోర్టులో ఉండకూడదని చట్టం. బ్రిటన్‌లో దివాలా తీసినవాడికి మామూలుగా ఏడాదికి విడుదల, ఆరేళ్లకు రిపోర్టులోంచి తొలగింపు. పదేళ్లు ఎక్కువే కావచ్చు, ఆరేళ్లూ ఎక్కువే అనవచ్చు. కానీ ఆ దేశాల్లో మనిషి క్యాలెండరు చూసుకుని రోజులు లెక్కపెట్టుకోగలడు.

అప్పుతోనే ఆగితే కొంత నయం. ముద్ర ఉద్యోగాల దాకా వెళ్లింది. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు, క్రెడిట్ రిపోర్టులో పాత ఎగవేతలున్నాయని ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, బాకీలు తీర్చేశానని అతను మొత్తుకున్నా మద్రాసు హైకోర్టు 2025లో బ్యాంకు పక్షానే నిలిచింది. పరుల సొమ్ము చూసుకునే ఉద్యోగానికి ఆర్థిక క్రమశిక్షణ కావాలన్న వాదనలో బలం లేదని అనం. కానీ తీర్చేసిన అప్పు కూడా తీర్చని అప్పులాగే లెక్కకొస్తే, తీర్చమని ఎవరికి చెప్పగలం? కేరళ హైకోర్టు 2023లో ఇంతకంటే మానవీయంగా ఆలోచించింది. సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థికి చదువు రుణం నిరాకరించకూడదని చెప్పింది. మన రాజ్యాంగం చూపిన దారి ఇంకా సూటిగా ఉంది. విడుదల పొందని దివాలాదారు మాత్రమే పార్లమెంటుకు, శాసనసభకు అనర్హుడు. విడుదల పొందిన మరుక్షణం అతను ఎన్నికల్లో నిలబడవచ్చు, గెలిస్తే రాష్ట్ర బడ్జెట్ మీద ఓటు వేయవచ్చు. అంతటి నమ్మకానికి తగినవాడు, కుట్టుమిషన్ కొనుక్కోవడానికి 30,000 అప్పుకు తగడా?

దీనికొచ్చే ఎదురు వాదన మాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఐపీ పెట్టిన ప్రతివాడూ అమాయకుడు కాడు. పిటిషన్‌కు ఆర్నెల్ల ముందే పొలం బావమరిది పేరున, ఇల్లు భార్య పేరున రాసేసి, ఊరందరికీ నామం పెట్టి, పక్క జిల్లాలో కొత్త బోర్డు కట్టినవాళ్లను మన జిల్లాలు చాలామందిని చూశాయి. ఆ పదకొండో నంబరు పంతులుగారు ప్రావిడెంట్ ఫండ్ మొత్తం తెచ్చి ప్రామిసరీ నోటు మీద ఇచ్చారు, ఆయన కన్నీళ్లకు ఎవరు జవాబు చెబుతారు? దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలో చేసిన మోసపు బదిలీలను రద్దు చేసే అధికారం 1920 చట్టంలోనే ఉంది, ఆస్తి దాచినవాడికి ఏడాది దాకా జైలూ ఉంది. వాటిని గట్టిగా వాడాలి. దివాలా ఆస్తిని చూసే రిసీవర్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డులు తిరగేయాలి, దొరికినవాడికి విడుదల ఇవ్వకూడదు. నిజం దివాలాను దొంగ దివాలా నుంచి వేరుచేసే పని కోర్టుది. కోర్టు ఆ వడపోత చేసి, ఇతను నిజాయితీపరుడే అని ఉత్తర్వు ఇచ్చాక కూడా దొంగకు పడ్డ ముద్రే ఇతనికీ పడితే, కోర్టు ముందు నిజం చెప్పడానికి ఎవరూ ముందుకు రారు.

తలుపు మూసేస్తే మనిషి అప్పు చేయడం మానడు, ఇంకో తలుపు తడతాడు. 2015 డిసెంబరులో బెజవాడ కాల్‌మనీ దందా బయటపడినప్పుడు ఆ ఇంకో తలుపు వెనక ఏముందో రాష్ట్రమంతా చూసింది. బాకీ కోసం ఆడవాళ్ల మీద సాగించిన దారుణాలు ఆ నెల పత్రికల్లో చదివినవాళ్లు మరిచిపోలేరు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లు చేసిన అప్పులు లక్షల్లో లేవు, వేలల్లో ఉన్నాయి. ఫోనులోని నంబర్లన్నిటికీ మార్ఫింగ్ ఫొటోలు పంపే ఆ యాప్‌లు స్కోరు అడగవు. బ్యాంకు కాదన్నవాడే వాళ్లకు కావలసింది.

కాబట్టి చేయాల్సిన పని ఎంతో దూరంలో లేదు. కేంద్రం మూడో భాగాన్ని సామాన్యులకు వెంటనే అమల్లోకి తేవాలి, ఆ 60,000, 35,000 అంకెలను నేటి ధరలకు సరిచేయాలి. విడుదల పొందిన, లేదా సెటిల్‌మెంట్ మొత్తం కట్టేసిన మనిషి రిపోర్టులో ఆ ముద్ర మూడేళ్లకు మించి కనిపించకూడదని రిజర్వు బ్యాంకు పై గీత గీయాలి. కోర్టు ఉత్తర్వు కాపీ ఇచ్చిన 30 రోజుల్లో రిపోర్టు మారాలి. తప్పులు సవరించడం 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నియమం ఇప్పటికే ఉంది, దాన్నే దీనికీ వర్తింపజేస్తే సరిపోతుంది. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టించే ముందు ఆ సెటిల్‌మెంట్ రిపోర్టులో ఎలా కనిపిస్తుందో, మిగతాది కడితే ఎలా మారుతుందో తెలుగులో చదివి వినిపించాలి. ఇందులో ఖజానాకు పైసా ఖర్చు లేదు.

ఈలోగా బతుకు ఆగదు గనుక, ఐపీ, సెటిల్‌మెంట్ దారిలో నడుస్తున్నవాళ్లకు రెండు మాటలు. కనీస నిల్వ అక్కరలేని పొదుపు ఖాతా పొందడం మీ హక్కు, పాత బాకీ లేని బ్యాంకులో తెరవండి. బాకీ ఉన్న బ్యాంకులో జమ వేస్తే దాన్ని అప్పు కింద సర్దుకునే వీలుంది. ప్రతి క్రెడిట్ సమాచార కంపెనీ నుంచీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, నాలుగు కంపెనీలవీ తెప్పించుకుని ప్రతి గడీ చదవండి. కట్టేసిన ప్రతి అప్పుకూ నో డ్యూస్ పత్రం తీసుకుని దాచండి. చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, నెలకు వెయ్యి వాడి వెయ్యీ గడువుకు ముందే కడుతూ పోతే కొత్త గడుల్లో సున్నాలు పడతాయి. బంగారం తాకట్టు అప్పు సకాలంలో విడిపించుకున్నా అంతే. హామీ సంతకం పెట్టిన స్నేహితుడి రిపోర్టు కూడా చూడమనండి, మీ ఎగవేత అక్కడా పడి ఉంటుంది. డబ్బిస్తే సిబిల్ తుడిచేస్తామనే ఏజెంట్లను గుమ్మం ఎక్కనివ్వకండి. రిపోర్టు తప్పుగా ఉండి బ్యాంకు కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, క్రెడిట్ సమాచార కంపెనీలు 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి.

రాష్ట్రాలు చూస్తూ కూర్చోవలసిన పని కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మూడు నెలలకోసారి రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి కూర్చుంటుంది. పంట రుణాల లక్ష్యాలు, పొదుపు సంఘాల లింకేజీలు అక్కడ అంకెలతో సహా చర్చకొస్తాయి. సెటిల్‌మెంట్ పూర్తి చేసి ఏడాది దాటినవాళ్లు ఎంతమంది మళ్లీ అప్పు అడిగారు, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి ఏ కారణంతో కాదన్నారు అన్న పట్టిక ఒకటి ప్రతి బ్యాంకు నుంచీ తెప్పించి తర్వాతి సమావేశంలో బల్ల మీద పెట్టమని రెండు ప్రభుత్వాలూ అడగాలి.