తలకట్టు అలంకారం కాదు

తెలుగు ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లల చదువుపై శ్రద్ధగల తల్లిదండ్రులకు ఒక విన్నపము. బతుకమ్మ పండుగకో, మార్కండేయ జయంతికో, బడి వార్షికోత్సవానికో మన చాళ్ల ముందు కట్టే ఫ్లెక్సీని ఈసారి నిలబడి అక్షరమక్షరమూ చదవండి. పాతకాలపు సినిమా ప్రకటనల ఫక్కీలో దళసరి అక్షరాలు కనబడితే సంతోషమే. అక్షరం లావుగా ఉండటాన్ని నేను తప్పు పట్టను. ఆ లావు కోసం అక్షరంలోంచి ఏమి తీసివేశారన్నదే నా ప్రశ్న.

ఈ వేషానికి మూలం ఆంగ్ల లిపిలో ఉన్నది. అక్షరపు కొసలకు ఇటుకల వంటి దిమ్మెలను తగిలించే ఆ పద్ధతిని 'స్లాబ్ సెరిఫ్' అంటారు. లండన్ నగరంలో విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815 ప్రాంతంలో ఇటువంటి అచ్చును వెలువరించాడు. 1845లో క్లారెండన్, 1934లో రాక్‌వెల్ వచ్చాయి. గోడమీది ప్రకటన దూరానికి కనబడాలన్న అవసరమే వీటిని పెంచి పోషించింది. ఆంగ్లానికి దీనివల్ల నష్టం లేదు. దిమ్మె తగిలించినా 'హెచ్' హెచ్చే, తీసివేసినా హెచ్చే.

తెలుగు సంగతి వేరు. మనం గుణింతం చెప్పేటప్పుడు కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడి ఇస్తే కి అని మొదలుపెడతాము. తలకట్టు అకారానికి గుర్తు. గుడి వచ్చినచోట అది తప్పుకుంటుంది. ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు అసలే ఉండదు. వరుస అందంగా కనబడాలని అన్నిటి నెత్తినా ఒకే దిమ్మె పెడితే, ఉపాధ్యాయుడు నేర్పిన సూత్రం గోడమీద అబద్ధమవుతుంది. పైకి లేచే ఆ తలకట్టును అడ్డంగా చదును చేస్తే మన అక్షరం కన్నడం వైపు జరుగుతుంది. ఆ రెండు లిపులనూ కంటికి వేరుచేసే ముఖ్యమైన గుర్తులలో తలకట్టు ఒకటి.

రెండవ నష్టం ఇంకా పెద్దది. ద, ధ, థ, ప, ఫ, డ, ఢ, వీటి మధ్య తేడా అంతా లోపలి చుక్కలోనో, అడుగు గీతలోనో ఉన్నది. గీతలను లావెక్కించినప్పుడు మొదట పూడుకుపోయేవి ఈ సందులే. దేవనాగరిలో ద, ధ, థ మూడింటికీ మూడు వేరు రూపాలు. మరాఠీ, హిందీ బోర్డుల మధ్య పెరిగే మన పిల్లవాడు ఆ స్పష్టతకు అలవాటుపడి తెలుగు వైపు వస్తాడు. వాడికి 'ధనం' 'దనం'గా కనబడితే, నోరు తిరగడం లేదని కోప్పడతాము. ఒత్తు పోయినది వాడి నోటిలోనా, మనం కట్టిన బోర్డులోనా?

ఈ మాట కామాఠిపురలోనే ఎందుకు చెప్పవలసి వచ్చింది? నగరం ఈ పేటను మరొక కారణానికే ఎరుగును గాని, దాని పేరు తెలుగునాట నుండి వచ్చి ఇక్కడ కట్టడాల పనిచేసిన కామాఠీలది. వర్లీ, లోయర్ పరేల్ మిల్లులలో మగ్గాలు నడిపిన పద్మశాలీలు 1982 సమ్మె తరువాతి కష్టకాలాన్ని ఆ చాళ్లలోనే అనుభవించారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. అయినా బడి బయట ఈ పిల్లలకు కనబడే తెలుగు చాలా కొద్ది. ఆ కొద్దిపాటి గోడ తెలుగే వారికి రెండవ వాచకం. వాచకంలో తప్పులుంటే ఊరుకుంటామా?

మరాఠీ సోదరులను చూడండి. దుకాణాల బోర్డులపై మరాఠీ అక్షరం ఇతర భాషల అక్షరాల కంటే చిన్నదిగా ఉండరాదని మహారాష్ట్ర 2022లో చట్టాన్ని సవరించింది. దానిని అమలు చేయటానికి సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రెండు నెలల గడువిచ్చింది. ఆ చట్టం మన అక్షరాన్ని నిషేధించలేదు. మన ఫ్లెక్సీ మీద మన అక్షరాన్ని చెడగొట్టుకోమని ఎవరూ మనకు చెప్పలేదు.

ఒక ఫాంటు వల్ల భాష చస్తుందా అని కొందరు నవ్వుతారు. చావదు. కానీ చదవటం నేర్చుకుంటున్న బిడ్డ తడబడతాడు, తడబడినవాడు విసుగుపడతాడు, విసుగుపడినవాడు మానివేస్తాడు. మంచి ఫాంట్లు లేవన్న సాకు కూడా చెల్లదు. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఉచితంగానే దొరుకుతాయి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన పురుషోత్ కుమార్ గుత్తుల ఫాంట్లలో శీర్షికలకు పనికివచ్చే లావుపాటి రామభద్ర ఉన్నది.

దేనినైనా పరీక్షించిన తరువాతే వాడండి. 'ద ధ థ, ప ఫ, బ భ, క కి, రాష్ట్రం' అని ఒక కాగితం మీద అచ్చువేసి చాళు గ్యాలరీ చివర అంటించండి. రెండవ తరగతి బిడ్డను ఈ చివర నిలబెట్టి చదివించండి. తలకట్టు, చుక్క, అడుగు గీత, కింది ఒత్తు నాలుగూ కనబడితేనే ఫాంటు నెగ్గినట్లు. నెగ్గినదానినైనా పేరుకు, శీర్షికకు మాత్రమే వాడండి; కింది వివరాలకు సాదా అక్షరమే మేలు.

ఫ్లెక్సీకి డబ్బిచ్చేది మీరు. నమూనా చూడకుండా సరేననకండి. తలకట్టు లేని క మీ బిడ్డ రాస్తే సున్నా వేస్తారు గదా! డబ్బు తీసుకుని రాసినవాడికి మార్కులెందుకు వేస్తున్నారు?