పూరించిన చేయి ఎవరిది?

పాత కాగితమును స్కానరుపై నుంచి బొమ్మగా మార్చుకొనుట, ఆ బొమ్మను వర్డ్ ప్రాసెసరులోనికి తెచ్చి దానిమీద కావలసిన మాటలు టైపు చేయుట నేటి పాఠశాలలలో నిత్యకృత్యమైనది. రాజన్న సిరిసిల్ల జిల్లాలో 2016లో మండలముగా ఏర్పడిన వీర్నపల్లి వంటి చోటి ఉపాధ్యాయునకు సైతము ఇది క్రొత్త విద్య కాదు. పైనుండి నమూనా పత్రము బొమ్మగా వచ్చును. ఖాళీలు నింపి పంపవలెను. పాత వాచకపు పుట మూల చిరిగి నాలుగు అక్షరములు పోయినవి; పిల్లలకు పంచుటకు ముందు వానిని పూరింపవలెను. పని చిన్నదే. కాని తెలుగు సాహిత్యమునకు ఎన్నియో శతాబ్దులుగా పరిచితమైన సమస్య యొకటి అందులో దాగియున్నది.

స్కాను చేసిన పుట కంటికి అక్షరములుగా కనిపించినను యంత్రమునకు అది చుక్కల బొమ్మ మాత్రమే. అందులో ఒక మాటను వెదకుమన్న దొరకదు. టైపు చేసిన వాక్యమువలె దిద్దుటకు వీలుపడదు. చేయగలిగినది బొమ్మను వెనుకకు త్రోసి, పైన టెక్స్ట్ బాక్స్ అను పెట్టెను గీచి, దాని రంగును అంచును తీసివేసి, అందులో వ్రాయుట. ఆ పెట్టెను బొమ్మతో ఒక గుంపుగా కట్టివేయనిచో, వేరొక కంప్యూటరులో తెరచినప్పుడు తండ్రి పేరు పోయి పుట్టిన తేదీ గడిలో కూర్చుండును! తెలుగునకు మరియొక చిక్కు కూడ కలదు. యూనికోడునకు పూర్వపు ఫాంటులలో వ్రాసినది ఆ ఫాంటు లేనిచోట అర్థములేని గుర్తులుగా మారిపోవును. కావున యూనికోడులో వ్రాసి, పి.డి.ఎఫ్.గా మార్చి పంపుట క్షేమము. ఇంతవరకు పనివాని నేర్పు. అసలు విషయము దీనికి ఆవల నున్నది.

నన్నయ ఆరణ్యపర్వమును నాలుగవ ఆశ్వాసమున 142వ పద్యముతో విడిచెను. మిగిలిన భాగమును తరువాతి కాలమున ఎఱ్ఱన పూరించెను. నన్నయ పోకడకు ఒదుగునట్లు వ్రాసెను; రాజరాజనరేంద్రునికే అంకిత మిచ్చెను. అతుకు కనిపింపనంత నేర్పుతో వ్రాసినవాడు పూరించినది తానేయని పర్వాంతమున చెప్పుకొనెను. పోతన భాగవతమునకు పట్టిన గతి మరియొక విధము. కొన్ని భాగములు చెదలు తినిపోయినవని ప్రతీతి. పంచమస్కంధమును గంగన, షష్ఠమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయ రచించిరి. ఆ సంగతి నేటి విద్యార్థికి ఎట్లు తెలిసినది? స్కంధాంత గద్యలు వారి పేర్లు చెప్పుచున్నవి గనుక. గద్యను వట్టి ఆచారమని దాటవేయు విద్యార్థులు ఒక్కసారి ఈ దృష్టితో చదివి చూడవలెను.

వీర్నపల్లికి ఇరుగుపొరుగుననే ఇంకొక ఉదాహరణము కలదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలమున కురిక్యాల బొమ్మలమ్మ గుట్టపై, పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దమున వేయించిన శాసనములో తెలుగు కందపద్యములు మూడు కలవు. శాసనమును చదువువారు తడి కాగితమును రాతిపై అద్ది, సిరా పూసి ముద్ర తీయుదురు. అదియు ఒక విధమైన స్కానే. చెరగిన అక్షరమును ఊహించి చదివినప్పుడు దానిని చదరపు కుండలీకరణములలో నుంచుట శాసన పరిష్కర్తల మర్యాద. రాతికి చెందినదేదో పండితుని ఊహకు చెందినదేదో చదువరికి విడివిడిగా తెలియును.

టెక్స్ట్ బాక్సునకు ఈ మర్యాద తెలియదు. అంచు తీసివేసిన పెట్టె తన ఉనికినే దాచుకొనును. పుట అందముగా నుండవలెను గదా, గుర్తులు పెట్టినచో వికారముగా నుండునని కొందరి వాదము. వాచకపు పుటలో పోయిన పాదమును ఉపాధ్యాయుడు జ్ఞాపకముతో పూరించెననుకొందము. జ్ఞాపకము ఒక్క అక్షరమున తప్పినను, నలుబది మంది పిల్లలు ఆ తప్పునే కవి పాఠముగా వల్లించెదరు. బొమ్మనుండి అక్షరములను పట్టు యంత్రములు వచ్చినవి గదా యన్న, అవియు మకారమును యకారముగా, ఘకారమును ఫుకారముగా పొరబడగలవు. అందుకే తెలుగు వికీసోర్సులో మూలపు పుట బొమ్మను ప్రక్కన నుంచుకొని పాఠమును మనుష్యులే సరిచూతురు. బొమ్మ చెదరదు, పాఠము వేరుగా నుండును. అందమునకై మూలమును కప్పివేయుటకంటె ఈ పద్ధతి వేయి రెట్లు మేలు.

భూమి కాగితముల విషయమున ఇది ఇంకను తీవ్రము. నిజాము కాలపు ఉర్దూ పత్రములు తెలంగాణ పల్లెలలో పెట్టెల అడుగున నేటికిని దొరకును. చదువుకొన్న మనుమడు వాని బొమ్మప్రక్కన తెలుగు అర్థము వ్రాసికొనుట విజ్ఞత. సర్వే నంబరు మసకగా నున్నదని దానిమీదనే క్రొత్త అంకెను అతికించుట అట్టిది కాదు. మోసపు తలంపుతో ఎలక్ట్రానిక్ రికార్డును కల్పించుట, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షను ప్రకారము ఫోర్జరీ. మార్కుల మెమోలో అంకె మార్చ జూచు విద్యార్థికిని ఈ మాటయే వర్తించును.

ఉపాధ్యాయుడు చేయవలసినది కష్టమైనదేమియు కాదు. స్కాను మూలప్రతిని ముట్టక వేరుగా భద్రపరచవలెను. చేర్చిన అక్షరములను కుండలీకరణములలోనో, వేరు రంగులోనో చూపవలెను. పుట అడుగున పూరించినవాని పేరు, తేదీ, ఏ ప్రతిని చూచి పూరించెనో ఒక్క పంక్తి వ్రాయవలెను. ఏడవ తరగతి పిల్లవాడు ఆ కుండలీకరణమును చూపి ఇదెందుకని అడిగినచో, ఆనాటి పాఠము కొంతసేపు ఆగి కురిక్యాల గుట్టదాక పోయి వచ్చును.