డెస్క్‌టాప్ కొంటున్నారా? ధరతో పాటు 200 యూనిట్ల లెక్క కూడా చూసుకోండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకున్నా, ఆ వెసులుబాటు 2026 అక్టోబర్ వరకే. విండోస్ 11కు మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. మన ఇళ్లలో పిల్లల చదువుకు, టాలీ పనికి, ఆన్‌లైన్ దరఖాస్తులకు వాడుతున్న పాత డెస్క్‌టాప్‌లు చాలావరకు ఈ పరీక్షలో ఫెయిలే.

ఇదే సమయంలో ర్యామ్ ధరలు పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల నుంచి వస్తున్న గిరాకీతో మెమొరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటువైపు మళ్లించాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కొత్త కంప్యూటర్ భారమైతే ఎవరైనా సెకండ్ హ్యాండ్ వైపే చూస్తారు. సికింద్రాబాద్ సీటీసీ నుంచి పాతబస్తీ గల్లీ షాపు దాకా అక్కడ వినిపించే మాట ఒకటే: "ఐ7 ఉంది, గ్రాఫిక్స్ కార్డ్ ఉంది, రేటు తక్కువ." ఆ డబ్బా నెలకు ఎంత కరెంటు తాగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టే మనకు, అసెంబుల్ చేసిన క్యాబినెట్ మీద స్టార్లు కనిపించవు.

200 దగ్గర ఏం జరుగుతుంది?

తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి.

ఒక లెక్క వేద్దాం. కంప్యూటర్ కాకుండా ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకోండి. కంప్యూటర్ రోజుకు 8 గంటలు, అంటే నెలకు 240 గంటలు నడుస్తుంది. మానిటర్‌తో కలిపి సగటున 50 వాట్లు తీసుకునే సిస్టమ్ అయితే నెలకు 12 యూనిట్లు. మొత్తం 192, జీరో బిల్లు. అదే 120 వాట్లు తీసుకునే పాత గేమింగ్ సిస్టమ్ అయితే దాదాపు 29 యూనిట్లు. మొత్తం 209. ఇప్పుడు మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున 1,020, మిగతా 9 యూనిట్లకు 7.70 చొప్పున సుమారు 69, వాటిపై ఇతర ఛార్జీలు. తేడా 17 యూనిట్లే, కానీ చేతి నుంచి పోయేది వెయ్యి పైనే. నాలుగైదు నెలలు ఇలా గీత దాటితే సెకండ్ హ్యాండ్‌లో మిగిలిందనుకున్న డబ్బు కాస్తా కరెంటు బిల్లుకే పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో దెబ్బ ఇంత గట్టిగా ఉండదు. అక్కడ శ్లాబు మారితే పై యూనిట్లకే రేటు పెరుగుతుంది. అయినా 225 యూనిట్లు దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కు చేరుతుంది కాబట్టి కర్నూలు, గుంటూరు కుటుంబాలకూ ఈ లెక్క అవసరమే.

కరెంటు ఎక్కడ పోతుంది?

మొదట చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డ్. టాలీ, ఎక్సెల్, జూమ్ క్లాసులు, యూట్యూబ్ పాఠాలకు విడిగా కార్డ్ అక్కర్లేదు. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ చాలు. ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటివి దీనికి సరిపోతాయి. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, దానికి కార్డ్ తప్పనిసరి. కొంచెం తక్కువకు వస్తుందని 'ఎఫ్' రకం తీసుకుంటే ఆ మిగిలింది కార్డ్‌కు పోతుంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్ నేర్చుకునే పిల్లలకు కార్డ్ కావాలి, అది వేరే సంగతి.

రెండోది ప్రాసెసర్. ఇంటెల్ ఐ3-12100 బేస్ పవర్ 60 వాట్లు, గరిష్ఠంగా 89. ఐ9-14900కె గరిష్ఠంగా 253 వాట్ల దాకా వెళ్తుంది. ఇంటి పనికి మొదటిది ఎక్కువే. 'టీ' అక్షరంతో వచ్చే ఇంటెల్ రకాలు 35 వాట్లవి, ఇంకా చల్లగా నడుస్తాయి.

గోల్డ్ ఎస్ఎంపీఎస్ కోసం పరుగెత్తాలా?

ఎస్ఎంపీఎస్ మీద '80 ప్లస్' ముద్ర ఉంటుంది. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం లోపలి భాగాలకు చేరుతుందో అది చెబుతుంది. సగం లోడ్ దగ్గర బ్రాంజ్ సుమారు 85 శాతం, గోల్డ్ సుమారు 90 శాతం. వినడానికి పెద్ద తేడానే. కానీ 60 వాట్లు వాడే సిస్టమ్‌లో అది 4 వాట్లే. నెలకు 240 గంటలకు ఒక్క యూనిట్ కూడా నిండదు. కరెంటు ఆదా కోసమే గోల్డ్‌కు అదనంగా రెండు వేలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

కాబట్టి మంచి కంపెనీ 450 వాట్ల బ్రాంజ్ చాలు. చిన్న సిస్టమ్‌కు 750 వాట్లది అంటగడితే వద్దనండి. మరీ తక్కువ లోడ్‌లో ఎస్ఎంపీఎస్ సామర్థ్యం పడిపోతుంది. అలాగని పేరు లేని చవక డబ్బా మాత్రం పెట్టించకండి. అది కాలిపోతే పక్కన ఉన్న మదర్‌బోర్డును కూడా తీసుకుపోవచ్చు.

అసలు ఆదా స్విచ్ దగ్గర ఉంది. 40 వాట్ల సిస్టమ్‌ను పని లేని 16 గంటలు కూడా ఆన్‌లో వదిలేస్తే నెలకు 19 యూనిట్లు వృథా. గోల్డ్ ముద్ర మిగిల్చేదానికి ఇది ఎన్నో రెట్లు. ఇస్రాఫ్ అంటే నీళ్లు, అన్నం ఒక్కటే కాదు కదా.

చప్పుడు కూడా ఖర్చే

రెండు గదుల ఇంట్లో నానీ పడుకునే గదిలోనే అప్పా డేటా ఎంట్రీ చేస్తుంటుంది, పక్కనే తమ్ముడు హిఫ్జ్ సబఖ్ గుర్తు చేసుకుంటుంటాడు. రంజాన్‌లో సహరీకి ముందు ఓ గంట నిద్ర ఎంత విలువైనదో అందరికీ తెలుసు. అలాంటి చోట గుర్రుమనే క్యాబినెట్ చిన్న విషయం కాదు.

తీసుకున్న ప్రతి వాట్ చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటకు తోయడానికి ఫ్యాన్ తిరగాలి. వాట్లు తగ్గితే చప్పుడు దానంతట అదే తగ్గుతుంది. ఆపైన 80 ఎంఎం ఫ్యాన్ కన్నా 120 ఎంఎం ఫ్యాన్ తీసుకోండి, నెమ్మదిగా తిరిగి కూడా అంతే గాలి తోస్తుంది. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమైతే వేడిని బట్టి వేగం మారుతుంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెడితే గరగర ఉండదు, కరెంటూ తక్కువ, వేగమూ ఎక్కువ. మన ఎండాకాలంలో గది వేడి 40 డిగ్రీలకు చేరితే ఫ్యాన్లు మరింత గట్టిగా తిరుగుతాయి. మూడు నెలలకోసారి దుమ్ము దులపడం ఖర్చు లేని మందు.

సెకండ్ హ్యాండే కొనాలంటే

ఆఫీసుల నుంచి వచ్చే చిన్న డబ్బాలు చూడండి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్‌తో నడుస్తాయి. చాలావాటిలో 35 వాట్ల ప్రాసెసరే ఉంటుంది. ఎక్కువ శబ్దం చేయవు, కరెంటు పోతే యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలుస్తాయి. అందులో ఉన్న ర్యామ్‌తోనే వస్తాయి కాబట్టి నేటి ధరల సెగ కూడా కొంత తప్పుతుంది.

"ఐ7" అన్న మాటకు పడిపోకండి. 4వ తరం ఐ7కు విండోస్ 11 సపోర్ట్ లేదు, 8వ తరం ఐ5కు ఉంది. డబ్బు ఇచ్చే ముందు షాపులోనే ఆన్ చేయించి, ప్రాసెసర్ పూర్తి నంబర్ స్క్రీన్ మీద చూడండి, పది నిమిషాలు నడిపించి చప్పుడు వినండి. ప్లగ్‌కు పెట్టే చిన్న వాట్ మీటర్ దొరికితే రీడింగ్ కూడా చూడండి. కచ్చా బిల్లు వద్దు. మోడల్ నంబర్లు, వారంటీ రాసిన జీఎస్టీ బిల్లే తీసుకోండి. రేపు ఏదైనా చెడిపోతే మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.