యంత్రం ఆగకూడదు.. ఫైలు పోకూడదు!

ఫ్యాక్టరీ గేటు దాటి సరుకు బయటికొస్తే చాలనుకునే రోజులు పోతున్నాయి. ఇప్పుడు సరుకుతోపాటు దాని జాతకం కూడా రావాలి. విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ, 2 కిలోవాట్ అవర్లు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకూ 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. మన దేశంలో 300 మందుల బ్రాండ్లపై 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరైంది. అమెరికాకు మందులు పంపే కంపెనీలకైతే ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కంప్యూటర్ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో తెలియాలి, పాత విలువ చెరిగిపోకూడదు అన్నది వాటి సారాంశం.

ఈ వివరాలన్నీ యంత్రం నుంచే రావు, నిజమే. కానీ ఫలానా సీరియల్ నంబరు వస్తువు ఏ క్షణంలో, ఎంత ఒత్తిడితో, ఏ వేగంతో తయారైందన్నది అందరికన్నా ముందు తెలిసేది ఆ యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌కే. అది సరిగ్గా రాసి పెట్టకపోతే పైనున్న సర్వర్లు ఎంత ఖరీదైనవైనా చేయగలిగిందేమీ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీలు, పెనుకొండ దగ్గర కియా, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్టు, శ్రీసిటీ.. ఈఈఈ, ఈసీఈ, మెకానికల్ చదివినవాళ్లు ఉద్యోగాల కోసం చూసేది ఇలాంటి చోట్లకే. అందుకే కంట్రోలర్ ప్రోగ్రాములో ఫైలు చదవడం, రాయడం అన్న చిన్న విషయాన్ని కాస్త సీరియస్‌గా తీసుకోవాలి.

డ్రైవరే టికెట్లు కొడితే?

పైథాన్‌లో ఫైలు రాయడం మూడు లైన్ల పని. తెరవడం, రాయడం, మూయడం. అదే పని మోషన్ కంట్రోలర్‌లో ఎందుకంత కష్టం?

సర్వో మోటార్లను నడిపే ప్రోగ్రాము సాధారణంగా మిల్లీసెకనుకోసారి, కొన్నిచోట్ల ఇంకా తొందరగా తిరుగుతుంది. ప్రతిసారీ మోటారు ఎక్కడుందో చూసి, తర్వాత ఎక్కడికి వెళ్లాలో లెక్కేసి, డ్రైవ్‌కు చెప్పాలి. ఆ గడువు దాటకూడదు. మెమరీ కార్డుకు మాత్రం అలాంటి గడువేమీ ఉండదు. ఒకసారి చిటికెలో రాసేస్తుంది. లోపలి సర్దుబాట్లలో ఉంటే వందల మిల్లీసెకన్లు కూడా తీసుకోవచ్చు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే మోటారు 100 మిల్లీసెకన్లలో 5 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరిపే స్క్రూకు దాన్ని బిగిస్తే, ఆ కాసేపట్లో 50 మిల్లీమీటర్ల ప్రయాణం! కంట్రోలర్ అంతదూరం గుడ్డిగా పోనివ్వదు లెండి. గడువు దాటగానే వాచ్‌డాగ్ మేల్కొని లైను ఆపేస్తుంది. అదీ నష్టమే.

రద్దీ రోడ్డు మీద బస్సు నడుపుతూ డ్రైవరే టికెట్లు కొడితే ఎలా ఉంటుంది? అందుకే కండక్టర్ ఉంటాడు. కంట్రోలర్‌లోనూ అంతే. మోషన్‌ది ఎక్కువ ప్రాధాన్యమున్న టాస్కు, ఫైలుది తక్కువ ప్రాధాన్యమున్న టాస్కు. మోషన్ టాస్కు విలువలను మెమరీలోని బఫర్‌లో పడేసి వెళ్లిపోతుంది. ఫైలు టాస్కు తీరిక దొరికినప్పుడు వాటిని తీసి రాస్తుంది.

పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఇందుకు సదుపాయాలిచ్చాయి. బెకాఫ్ ట్విన్‌క్యాట్‌లో ఫైలు తెరవడానికి, రాయడానికి, మూయడానికి విడివిడి ఫంక్షన్ బ్లాకులుంటాయి. సీమెన్స్ ఎస్7-1500లో డేటాలాగ్ సూచనలతో మెమరీ కార్డు మీద సీఎస్‌వీ ఫైలు తయారవుతుంది. కోడెసిస్‌లో రెండు దారులున్నాయి. పని అయ్యేదాకా ప్రోగ్రామును ఆపేసే సిస్‌ఫైల్ ఒకటి, ఆపకుండా చేసే సీఏఏ ఫైల్ ఇంకొకటి. రెండో పద్ధతిలో పని అప్పగించి ముందుకు సాగాలి. ప్రతి సైకిల్లో వచ్చి బిజీనా, డన్నా, ఎర్రరా అని అడుగుతుండాలి. తెరవడం అయిందని తేలాకే రాయమనాలి, రాయడం అయ్యాకే మూయమనాలి. ఎర్రర్ వస్తే ఏంచేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

చదవడంలో ఇంకా జాగ్రత్త

రాసేటప్పుడు తప్పు జరిగితే రికార్డు పోతుంది. చదివేటప్పుడు తప్పు జరిగితే యంత్రం తప్పుగా కదులుతుంది. వస్తువు మారినప్పుడల్లా కొత్త దూరాలు, వేగాలు ‘రెసిపీ’ ఫైలు నుంచి వస్తాయి. జర్మనీ పద్ధతిలో పన్నెండున్నరను 12,5 అని కామాతో రాస్తారు. మనం 12.5 అంటాం. కామాతో విడగొట్టే ప్రోగ్రాము దాన్ని 12, 5 అనే రెండు అంకెలుగా చదివితే తర్వాతి విలువలన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. దూరం ఉండాల్సిన చోట వేగం వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి ఫైలు నుంచి వచ్చిన విలువను నేరుగా యంత్రానికి ఇవ్వకూడదు. ముందు వేరే చోట పెట్టి, గడుల సంఖ్య సరిపోయిందా, ప్రతి విలువా హద్దుల్లో ఉందా చూడాలి. అన్నీ బాగుంటేనే, అదీ యంత్రం ఆగి ఉన్నప్పుడే, పాతదాని స్థానంలో కొత్తది పెట్టాలి.

కరెంటు పోతే?

రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలే మిగులుతుంది. రెసిపీ లాంటి చిన్న ఫైళ్లకు పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త పేరుతో పూర్తిగా రాసి, సరిచూసి, చివర్లో పేరు మార్చడం మేలు. రోజంతా పెరిగే లాగ్ ఫైళ్ల సంగతి వేరు. ప్రతి వస్తువుకూ ఫైలు తెరిచి మూస్తే రికార్డుకు భద్రత ఎక్కువ, కానీ కార్డు త్వరగా అరిగిపోతుంది. వందేసి చొప్పున రాస్తే కార్డు మన్నుతుంది, కరెంటు పోతే బఫర్‌లోనివి గల్లంతవుతాయి. ఎన్ని పోయినా ఫర్వాలేదన్నది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చేది కాదు, నాణ్యత విభాగంతో కూర్చుని తేల్చుకోవాలి.

ఏం రాయాలన్నదీ అంతే ముఖ్యం. నాలుగు మోటార్లకు స్థానం, వేగం, టార్క్.. ఒక్కో విలువకు 8 బైట్ల చొప్పున మిల్లీసెకనుకోసారి రాస్తే గంటకు దాదాపు 346 మెగాబైట్లు, రోజుకు 8 గిగాబైట్ల పైమాటే. అన్నీ దాస్తే కావాల్సింది దొరకదు.

నెట్‌వర్క్ ఉందిగా?

‘డేటా అంతా ఎడ్జ్ కంప్యూటర్‌కు, క్లౌడ్‌కు పంపేస్తారుగా, ఇక కంట్రోలర్‌లో ఫైళ్లెందుకు?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. చాలాచోట్ల పోకడ అటువైపే ఉంది. కానీ నెట్‌వర్క్ పది నిమిషాలు పడిపోతే ఆ పది నిమిషాల సరుకు మాటేంటి? లైను ఆపాలి, లేదా రికార్డులను ఎక్కడో దాచి తర్వాత పంపాలి. చాలా లైన్లలో ఆ ‘ఎక్కడో’ అంటే కంట్రోలర్‌లోని ఫైలే.

చిక్కల్లా చదువులోనే ఉంది. నేను చూసిన పీఎల్‌సీ ల్యాబుల్లో మోటార్ స్టార్టర్, ట్రాఫిక్ లైట్ల లాడర్ ప్రోగ్రాములతోనే సెమిస్టర్ అయిపోతుంది. పీఎల్‌సీ భాషల ప్రమాణం ఐఈసీ 61131-3 తొలిసారి వచ్చింది 1993లో. అందులోని స్ట్రక్చర్డ్ టెక్స్ట్‌తోనే ఇలాంటి పనులు తేలిక, కానీ దాని దాకా వెళ్లేవాళ్లు తక్కువ. మరోపక్క కోడింగ్ బాగా వచ్చినవాళ్లకు మిల్లీసెకను గడువు అంటే ఏంటో తెలియదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే అవకాశం ఉంది.

ఇంట్లోనే మొదలుపెట్టండి

ఇందుకు లక్షల రూపాయల కిట్ అక్కర్లేదు. కోడెసిస్ ఉచితంగా దొరుకుతుంది. దాంతో వచ్చే సాఫ్ట్ పీఎల్‌సీ డెమోగా ఒక్కో విడత 2 గంటలు నడుస్తుంది. ట్విన్‌క్యాట్‌కు 7 రోజుల ట్రయల్ లైసెన్సును మళ్లీ మళ్లీ తీసుకోవచ్చు.

మొదట ఒకే టాస్కులో కౌంటరూ, సిస్‌ఫైల్‌తో పెద్ద ఫైలు రాయడమూ పెట్టండి. మామూలు విండోస్ మీద మిల్లీసెకను కచ్చితత్వం ఆశించకుండా 10 మిల్లీసెకన్ల సైకిల్ పెట్టుకోండి. గరిష్ఠ సైకిల్ సమయం ఎంతొచ్చిందో రాసుకోండి. తర్వాత రెండు టాస్కులుగా విడగొట్టి, మధ్యలో బఫర్ పెట్టి మళ్లీ కొలవండి. చివరగా ఫైలు రాస్తుండగానే సాఫ్ట్ పీఎల్‌సీని బలవంతంగా ఆపేసి, మిగిలిన ఫైల్లో ఏముందో చూడండి.

ఆ రెండు కొలతలూ, మిగిలిన ఫైలూ కలిపి ఒక పేజీలో రాసి రెజ్యూమెకు జత చేయండి. ‘పీఎల్‌సీ వచ్చు’ అని అందరూ రాస్తారు. ఇంటర్వ్యూలో ‘కరెంటు పోతే మీ డేటా ఏమవుతుంది?’ అని అడిగినప్పుడు కొలిచి చూసినవాళ్ల జవాబు వేరుగా ఉంటుంది.