టికెట్ లేని ఒడ్డు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న ఏ పిల్లవాడినైనా ఆంధ్రప్రదేశ్ తీరం పొడవెంత అని అడగండి. పాత పుస్తకంలో 974 కిలోమీటర్లు, కొత్త లెక్కలో 1,053 అని టక్కున చెబుతాడు. దేశం మొత్తానికి 7,516 ఉన్నది 11,098 ఎలా అయిందో కూడా చెబుతాడు. నేల పెరగలేదు, ఈసారి మరింత వివరంగా ఉన్న పటం మీద ప్రతి వంపునూ, ప్రతి మొగనూ కలుపుకుని కొలిచారు, అంతే.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట టీ తాగుతూ ఈ అంకెలన్నీ అప్పజెప్పిన కుర్రాడిని, సముద్రం ఒడ్డున కూర్చోవడం నీకిష్టమేనా అని అడిగాను. "సూస్తెనే గద సార్, ఇష్టమో కాదో తెల్సేది" అన్నాడు. వాళ్లది నార్కట్‌పల్లి దగ్గర పల్లె. ఆ పక్కనుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి తేలేది సముద్రం ఒడ్డునున్న బందరులోనే. నోటిఫికేషన్ పడుతుంది, పరీక్ష రద్దవుతుంది, మళ్లీ పడుతుంది. 2022లో వచ్చిన 503 పోస్టుల గ్రూప్-1కి ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయిన సంగతి ఈ వీధుల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ మధ్యలో బందరు బస్సెక్కే తీరిక ఎవరికుంది?

నిజానికి ఈ నగరానికి సముద్రం పరాయిది కాదు. గోల్కొండ సుల్తానుల రేవు ఆ బందరే, అంటే మచిలీపట్నమే. ఇంగ్లిషు కంపెనీ వాళ్లు 1611లో అక్కడ కోఠీ పెట్టుకున్నారు. మన అద్దకం బట్టలు ఆ రేవు నుంచే ఓడలెక్కి దేశాలు తిరిగాయి. పద్దెనిమిదో శతాబ్దంలో సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి పోయాక నిజాం రాజ్యానికి తీరం లేకుండా పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మళ్లీ వచ్చింది, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక మళ్లీ పోయింది. పోయింది పటంలోనే. శని ఆదివారాలు సూర్యలంక, ఓడరేవు బీచ్‌ల దగ్గర నిలిపిన బళ్ల నంబర్లు చూడండి, సగం మనవే అనిపిస్తుంది. అక్కడ లోతు తెలియక కొట్టుకుపోయే పిల్లల్లోనూ మన నగరం వాళ్లు ఉంటున్నారు. ఆ వార్త చదివిన ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది. కెరటం నడక తెలియకుండా పెరిగినవాళ్లం మనం.

మా పెద్దవాళ్లకు బీచ్‌లో కాలక్షేపం అన్న ఊహే ఉండేది కాదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదనేవారు. కార్తీక పున్నమికో, మాఘ పున్నమికో మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే బస్సెక్కేవారు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లకైతే అలల హోరు ఈనాటికీ వేరేగా వినిపిస్తుంది. వాళ్లెవరైనా సముద్రం ఇష్టం లేదంటే నేను మారు మాట్లాడను.

నాకు ఇష్టం. మధ్యాహ్నం ఎండలో, ఒళ్లంతా ఉప్పుజిడ్డుతో కాదు, సాయంత్రం ఐదు దాటాక. అందరూ మెచ్చే విశాఖ కన్నా నాకు బందరు దగ్గరి మంగినపూడి బీచ్ ఎక్కువ నచ్చుతుంది. అక్కడ తెల్లటి ఇసుక ఉండదు, నల్లమట్టి. నీరు వెనక్కి తగ్గినప్పుడు నడిస్తే పాదం చీలమండ దాకా మెత్తగా దిగబడుతుంది, తీసేటప్పుడు చప్పుడు చేస్తుంది. చాలా దూరం వరకు లోతు ఉండదు కాబట్టి ముసలమ్మలు కూడా చీర కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లలో నిలబడతారు. ఒడ్డున బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తుకు ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్క రుద్ది ఇస్తారు. అది కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. గంటల తరబడి ఊరికే కూర్చున్నా, ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగేవాడు ఉండడు. బీచ్‌లో నేను అన్నిటికన్నా ప్రేమించేది దీన్నే.

ఎందుకంటే మా పేటల్లో అలాంటి చోటు దొరకదు. హాస్టల్‌లో మంచానికి అద్దె, స్టడీ హాల్‌లో కుర్చీకి అద్దె. నారాయణగూడలో హోటల్ బల్ల దగ్గర కాఫీ అయిపోయాక ఇంకో పది నిమిషాలు కూర్చుంటే బిల్లు వచ్చి ఎదురుగా పడుతుంది. ఇందిరాపార్కు 76 ఎకరాలున్నా దానికి టికెట్ ఉంది, గేటు మూసే వేళ ఉంది. మిగిలింది లైబ్రరీ ఆవరణ. అక్కడ చెట్ల కింద సొంత పుస్తకాలు పరుచుకుని, ఐదు రూపాయల భోజనం తిని, చీకటి పడేదాకా చదువుకునే పిల్లలకు అదే బీచ్, అదే ఇల్లు.

ఇక మన ఒడ్డు అంటే ట్యాంక్‌బండ్. 1562 నాటి హుస్సేన్‌సాగర్ చెరువు గట్టు అది. 2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనానికి వదిలినప్పుడు ఏం జరిగిందో చూశాం. పిల్లలు రోడ్డు మీద పరుగులు తీశారు, కుటుంబాలు చాపలు వేసుకుని కూర్చున్నాయి. జనానికి కావలసింది ఏమిటో అప్పుడే తేలిపోయింది. కానీ అదే చెరువు మిగులు నీరు మోసుకుపోయే నాలా అశోక్‌నగర్ ఇళ్ల వెనక నుంచే పారుతుంది. 2000 ఆగస్టులో అది పొంగి ఇళ్లలోకి వచ్చింది. మామూలు రోజుల్లో దాని కంపుకు అటువైపు కిటికీలు తెరుచుకోవు. గుమ్మం పక్కనే నీళ్లున్నా దాని దగ్గర నిలబడలేని బతుకు ఇది.

ఇప్పుడు కొత్వాల్‌గూడ దగ్గర 35 ఎకరాల్లో కృత్రిమ బీచ్ కట్టే ఆలోచన ఉందని 2025లో పత్రికలు రాశాయి. అలలు కూడా యంత్రాలతోనే పుట్టిస్తారట. వద్దనను. సముద్రం చూడని పిల్లలు ఒక సాయంత్రం నీళ్లలో గెంతితే నాకూ సంతోషమే. అయితే ప్రైవేటు పెట్టుబడితో వచ్చేదానికి టికెట్ తప్పదు, ఆ టికెట్ మా అశోక్‌నగర్ కుర్రాడి నెల బడ్జెట్‌లో ఇమడదు. 2023 జులైలో విశాఖ రుషికొండ బీచ్‌లో అడుగుపెట్టడానికి మనిషికి 20 రూపాయలు వసూలు చేస్తామన్నప్పుడు అక్కడివాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇరవై రూపాయలు పెద్ద మొత్తమని కాదు వాళ్లు కొట్లాడింది. ఒడ్డు అందరిదీ అని కొట్లాడారు.

మనమూ అలాగే అడగాలి. కృత్రిమ బీచ్‌కు మొదటి ఇసుక లారీ రాకముందే హుస్సేన్‌సాగర్ నాలాలోకి మురుగు కలవకుండా ఆపాలి. ఇందిరాపార్కులో సాయంత్రాలు టికెట్ ఎత్తేయాలి. లైబ్రరీ ఆవరణలో లైట్లూ, మంచినీళ్లూ, మరుగుదొడ్లూ పెంచి రాత్రి పొద్దుపోయేదాకా గేటు తెరిచి ఉంచాలి. కొత్వాల్‌గూడలో బీచ్ కట్టి తీరాలంటే, వారంలో ఒక్క రోజైనా అందులోకి ఎవరైనా ఊరికే వెళ్లవచ్చన్న షరతు ఒప్పందంలోనే రాయించాలి. చిక్కడపల్లి నుంచి అక్కడికి సిటీ బస్సు కూడా వేయాలి.