కాలమ్ లేని పహాణీలో కౌలు రైతు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎంతమంది కౌలుకు దున్నుతున్నారో చెప్పమని తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణిని అడిగి ఉంటే జవాబు వచ్చేది కాదు. కౌలు రైతులు లేక కాదు, వాళ్ల పేరు రాసే చోటు లేక. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత ఇచ్చిన కొత్త పాస్‌బుక్కుల్లో, ఆపై 2020 అక్టోబర్ 29న వచ్చిన ధరణిలో అనుభవదారు (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే) కాలమ్‌ను తీసేశారు. ఎకరానికి ఇంతని ఇచ్చిన రైతుబంధు, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమా పట్టాదారు పేరు మీదే నడిచాయి. మహబూబాబాద్ వైపు మిర్చి తోటకు పెట్టుబడి పెట్టి, తెగులుకు నష్టపోయిన కౌలుదారు ఈ లెక్కల్లో ఎక్కడా రాడు.

మాంగోడీబీ లాంటి డాక్యుమెంట్ డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. మామూలు పట్టికలో అన్ని వరుసలకూ అవే కాలమ్‌లు. డాక్యుమెంట్ డేటాబేస్‌లో ఒక రికార్డులో పది ఫీల్డులుంటే పక్కదాంట్లో ఏడే ఉండొచ్చు. అందుకే ఫలానా ఫీల్డ్ ఉన్న రికార్డులు తెమ్మని అడగడానికి ఎగ్జిస్ట్స్ అనే ఆపరేటర్ పెట్టారు. విలువ ఏమిటన్నది దానికి పట్టదు. ఫీల్డ్ ఉండి అందులో నల్ (విలువ లేదు) అని రాసి ఉన్నా ఉన్నట్టే లెక్క. అదే ఎగ్జిస్ట్స్ వాడకుండా విలువ నల్ అయినవి తెమ్మంటే, నల్ రాసినవాటితో పాటు అసలు ఆ ఫీల్డే లేనివీ వచ్చి పడతాయి. అలా కలిసిపోయాక, ‘నా భూమిలో కౌలుదారు లేడు’ అని పట్టాదారు చెప్పిన మాటకూ, ఎవరూ అడగనే లేదన్న నిజానికీ తేడా మిగలదు. ధరణి ఏ డేటాబేస్ మీద నడిచిందన్నది నాకు ముఖ్యం కాదు. అడగని ప్రశ్నకు వచ్చిన సున్నాను జవాబుగా చదువుకోవడం మీదే నా అభ్యంతరం.

కౌలుదారు పేరు రాస్తే రేపు భూమే తనదంటాడని, ఆసామి పట్నంలో ఉంటే చేను చేయి జారుతుందని ఒక వాదన ఉంది. కాలమ్ తీసేసినప్పుడు ప్రభుత్వం చెప్పిందీ ఇదే. ఈ భయం ఉత్తిదేమీ కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు నిజంగానే హక్కులిచ్చింది, వాటి మీద వ్యాజ్యాలు దశాబ్దాల పాటు సాగాయి. కానీ ఆ చట్టం ఊరికే రాలేదు. అంతకుముందు, ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోరాడింది కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంట కోసమే. దున్నేవాడి పేరు కాగితం మీద లేకపోతే దొర మాటే రికార్డవుతుందని ఈ నేలకు వేరే ఎవరో చెప్పనక్కర్లేదు. పైగా నమోదునూ యాజమాన్యాన్నీ విడదీయడం మనకు చేతకానిదేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తూనే, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాసింది.

కాలమ్ పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సాగుదారు హక్కు పత్రానికి యజమాని ఒప్పుకోలు కావాలంది. సంతకానికి ఆసామి వెనకాడితే కౌలు రైతుకు కార్డు లేదు. ఫీల్డ్ ఉంది, అందులో నల్. తెలంగాణలో ధరణి నాటికి ఫీల్డే లేదు. రైతుకు చేరింది రెండుచోట్లా ఒకటే కావచ్చు గానీ, ఒకచోట సంతకం నిబంధన మార్చాలి, ఇంకోచోట ముందు ప్రశ్న చేర్చాలి. రెంటినీ సున్నా కింద కలిపేసిన అధికారికి ఏది బాగుచేయాలో తెలియదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. హక్కుల రికార్డు జోలికి పోకుండానే ఈ పని మొదలుపెట్టొచ్చు. వ్యవసాయ విస్తరణాధికారులు సీజన్‌కోసారి చేసే పంటల నమోదులో సాగుదారు ఫీల్డ్‌ను తప్పనిసరి చేసి, యజమాని సంతకంతో పనిలేకుండా చేలో కనిపించిన మనిషి పేరే రాయాలి. వేరే సాగుదారు ఉన్నాడు, లేడు, ఇంకా అడగలేదు అని మూడు జవాబులు విడిగా ఉండాలి. యజమాని పేరునే సాగుదారుగా నింపేసే వెసులుబాటు కంప్యూటర్‌కు ఇవ్వకూడదు. ‘ఇంకా అడగలేదు’ అని మిగిలిన సర్వే నంబర్ల జాబితా ఊరివారీగా పంచాయతీ గోడ మీద అంటిస్తే, పంట కోతకు రాకముందే ఆ చేలల్లో అడగాల్సింది ఎవరినో అధికారికీ ఊరికీ తెలుస్తుంది.